ముందు కుర్చీ వేసుకోండి, కెమెరా సంగతి తరువాత చూద్దాం

మీ ప్రశ్నలో మూడు ముక్కలు ఉన్నాయి. కొత్తగా కట్టుకున్న ఇంటి వెనుక అరవై గజాల పెరడు, అందులో జామ, మందారం, కరివేపాకు, మునగ. పిట్టలు వస్తున్నాయి గాని ఫోనుతో తీస్తే ఆకుల మధ్య చుక్కల్లా పడుతున్నాయి, నలభై వేల లోపు ఏ కెమెరా కొనాలి అన్నారు. రాత్రిపూట ఏదో ప్రాణి జామకాయలు సగం కొరికి పడేసి పోతోంది, అదేమిటో కనిపెట్టడం ఎలా అన్నారు. నాలుగో తరగతి చదివే పాపకు ఇవన్నీ దగ్గరగా చూపించాలని ఉంది అన్నారు. కెమెరా గురించి తొమ్మిది వాక్యాలు రాశారు, పాప గురించి ఒకటి. నేను ఆ ఒక్కదాని దగ్గర మొదలుపెడతాను.

మాది రాజమహేంద్రవరం శివారు. ఇల్లు పోగా మిగిలిన పెరడు మీకంటే కాస్త పెద్దది, నూరు గజాలు ఉంటుంది. అక్కడికి వచ్చేపోయే ప్రాణుల లెక్క పదహారేళ్ళుగా నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. మొదట్లో నేనూ మీలాగే కెమెరాతోనే దిగాను. మూడు నెలల్లో నాలుగు వేల ఫోటోలు తీశాను. వాటిలో తలకాయ కనిపించేవి వంద ఉంటాయేమో. మిగిలినవన్నీ తోకలు, ఊగుతున్న కొమ్మలు, అప్పుడే ఖాళీ అయిన ఆకాశం. పిట్ట కనబడితే చాలు, దాని వెంట పడేవాణ్ణి. తరువాత ఒకరోజు మేడమెట్ల మీద జారి మడమ విరిగింది. ఆరు వారాలు వెనుక వసారాలో కుర్చీకి అతుక్కుపోయాను. పిట్టల గురించి నాకు తెలిసినదానిలో సగం ఆ ఆరు వారాల్లో తెలిసిందే.

కదలకుండా కూర్చుంటే మొదట తెలిసేది, పిట్టలు వేళ తప్పవని. మా పిగిలిపిట్టల (బుల్‌బుల్) జంట ఉదయం ఆరుంబావు, ఆరున్నర మధ్య వస్తుంది. నేరుగా నీళ్ళ దగ్గరికి రాదు. ఎండిపోయిన మునగకొమ్మ ఒకటి ఉంది, ముందు దాని మీద వాలి, అటూ ఇటూ చూసి, తోకకింద ఎర్రమచ్చ మనకు చూపించి, అప్పుడు కిందికి దిగుతుంది. పసులపోలిగాడికి, అదే చీలిన తోక ఉన్న నల్లపిట్టకు, బట్టలు ఆరేసే తీగ చివర ఒక స్థానం ఉంది. అక్కడి నుంచి ఎగిరి గాలిలో పురుగును పట్టి మళ్ళీ అక్కడికే వస్తాడు, జానెడు కూడా అటూ ఇటూ కాదు. తేనెపిట్ట పూలను ఒక వరసలో చూసుకుంటూ పోతుంది, ముందు నూరువరహాలు, తరువాత మందారం, చివర మునగపూత. ఇరవై నిమిషాలకో అరగంటకో మళ్ళీ అదే వరస. మందారంలో తలపెట్టి తాగుతుందని చాలామంది అనుకుంటారు. అంత పెద్ద పువ్వులోకి దాని ముక్కు అందదు. అందుకని పువ్వు మొదట్లో పక్కనుంచి చిల్లు పొడిచి తేనె లాగేస్తుంది, పుప్పొడి అంటకుండా. దొంగతనమే అది. ఆ చిల్లు ఉన్న పువ్వును కోసి పాపకు చూపించండి, పిట్ట ఎగిరిపోయిన తరువాత కూడా కథ మిగిలి ఉంటుంది.

అందుకని నెలరోజులు ఏమీ కొనకండి. వంటింటి కిటికీ దగ్గరో వెనుక గుమ్మం లోపలో ఒక కుర్చీ వేసుకోండి. ఉదయం అరగంట, సాయంత్రం అయిదు గంటల ప్రాంతంలో మరో అరగంట. గదిలో దీపం, ఫ్యాను ఆపేయండి. లోపల చీకటిగా ఉంటే బయట ఉన్న పిట్టకు మీరు కనబడరు. పాప చేతికి పుస్తకం ఇచ్చి వేళ, పిట్ట, ఎక్కడ వాలింది, ఏం చేసింది, ఈ నాలుగే రాయించండి. పేరు తెలియకపోతే బొమ్మ వేయమనండి. నెల తిరిగేసరికి మీ పెరట్లో పిట్టలు పదేపదే వాలే చోట్లు నాలుగైదు తేలుతాయి. కెమెరా ఏదైనా కానీయండి, దాన్ని గురిపెట్టవలసింది ఆ చోట్లకే.

పేర్ల గురించి ఒక మాట. తెలుగు పేర్లు ఊరూరికీ మారతాయి, దానికి కంగారుపడకండి. మీ అమ్మమ్మగారు ఏమని పిలిచేవారో అడిగి అదే రాసుకోండి. పోల్చుకోవడానికి ఫోనులో మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది, ఫోటోను చూసీ కూతను వినీ పేరు సూచిస్తుంది. అది చెప్పిందల్లా నమ్మకండి, పక్కింటి మిక్సీ చప్పుడుకు కూడా ఒకసారి నాకు ఒక పిట్ట పేరు చెప్పింది. చూసినవి పిట్టల లెక్కలు పోగుచేసే వెబ్‌సైటు ఈబర్డ్‌లో నమోదు చేస్తే శాస్త్రవేత్తల లెక్కల్లోకి చేరతాయి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు పెరటి పిట్టల లెక్కింపు జరుగుతుంది. కనీసం పదిహేను నిమిషాలు చూసి రాస్తే చాలు, పిల్లలకు బాగా నచ్చే పని. పేర్ల మాట వచ్చింది గనుక మీ పాపకు ఇది కూడా చెప్పండి: ప్రపంచమంతటా పక్షిశాస్త్రవేత్తలు పిట్టా అని పిలిచే రంగురంగుల పక్షుల కుటుంబం ఒకటి ఉంది, ఆ పేరు మన తెలుగు పిట్ట నుంచి వెళ్ళిందే. ఆ జాతిలో మన దేశానికి చెందినది చలికాలానికి దక్షిణాదికి వలస వస్తూ దారిలో అలసి ఊళ్ళ తోటల్లో కూడా దిగుతుంది. మా ఇంట్లో పదహారేళ్ళలో రెండుసార్లు, రెండూ అక్టోబరులోనే. ఎండుటాకులను ముక్కుతో తిరగేస్తూ అరపూట ఉండి వెళ్ళిపోయింది. ఎండుటాకులు ఊడ్చేసి ఉంటే దిగేది కాదు.

ఇప్పుడు నీళ్ళు. పెరట్లో ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయండి. గింజలు వేస్తే గింజలు తినే పిట్టలే వస్తాయి. నీళ్ళకు అన్నీ వస్తాయి, పురుగులు తినేవి, తేనె తాగేవి, పండ్లు తినేవి, డేగతో సహా. కుమ్మరి దగ్గర వెడల్పాటి మట్టి మూకుడు కొనండి. ప్లాస్టిక్ పళ్ళెంలో, స్టీలు పళ్ళెంలో కాళ్ళు జారతాయి, ఎండకు నీళ్ళు కాగిపోతాయి. లోతు రెండు అంగుళాలు దాటకూడదు, మధ్యలో ఒక గరుకురాయి పెట్టండి, చిన్నపిట్టలు దాని మీద నిలబడి స్నానం చేస్తాయి. మూకుడు ఎక్కడ పెడతామన్నది అన్నిటికంటే ముఖ్యం. పొదకు మరీ ఆనించి పెడితే పిల్లి అందులో నక్కి కూర్చుంటుంది. మరీ బయలులో పెడితే పిట్టలు భయపడతాయి. పొదకు ఆరేడు అడుగుల దూరం, నడుమంత ఎత్తు నాకు కుదిరింది. నీళ్ళు రోజూ పారబోసి, కొబ్బరిపీచుతో తోమి, కొత్తవి పోయండి. వారం రోజులు వదిలేస్తే మీరు పెంచేది పిట్టలను కాదు, డెంగీ దోమలను.

ఇంకొక చిట్కా. ఒక నీళ్ళ సీసాకు అడుగున సూదితో సన్నటి చిల్లు పొడిచి మూకుడుకు పైన కొమ్మకు వేలాడదీయండి. చుక్క చుక్కగా పడాలి. నిలకడగా ఉన్న నీళ్ళకంటే కదిలే నీళ్ళు దూరం నుంచి కనబడతాయి, వినబడతాయి. ఆ సీసా కట్టిన మూడోరోజున, అంతకుముందు ఏడేళ్ళలో ఎన్నడూ నేలకు దిగని పచ్చటి పిట్ట ఒకటి మా మూకుడులో మునకలేసింది.

తిండి సంగతి పొట్టిగా చెబుతాను, ఎందుకంటే దాని మీద నాకు అంత మక్కువ లేదు. పిచ్చుకలు ఉన్న వీధి అయితే కోనసీమలో ఇళ్ళ ముందు కట్టినట్టు వరికంకుల కుచ్చు ఒకటి చూరుకు వేలాడదీయండి, అందంగానూ ఉంటుంది, వాటికి వేళ్ళాడుతూ తినే అలవాటూ ఉంది. నూకలు, కొర్రలు గుప్పెడు మించి వేయకండి. రోజూ దోసెళ్ళతో చల్లితే పావురాలు వచ్చి కాపురం పెడతాయి, తక్కినవాటిని తరిమేస్తాయి, వాటి రెట్ట ఎండి పొడిగా రేగితే మన ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఉప్పు వేసిన అన్నం, బిస్కెట్లు, రొట్టె వద్దు. తేనెపిట్టలకు పంచదార నీళ్ళు కూడా వద్దు, ఆ డబ్బుతో ఇంకొక నూరువరహాల మొక్క పెట్టండి.

మీకు కరివేపాకు, వీలైతే ఒక నిమ్మమొక్క, గోడవార ఒక జిల్లేడు ఉంటే సీతాకోకచిలుకల బడి తెరిచినట్టే. కరివేపాకు లేత ఆకుల మీద పిట్టరెట్టలాగా తెలుపూ గోధుమరంగూ కలిసిన చిన్న పురుగు కనబడితే చిదిమేయకండి. అది నల్లటి పెద్ద సీతాకోకచిలుక పిల్ల. పక్షులు రెట్ట అనుకుని వదిలేయాలని దానికి ఆ వేషం. పెద్దయ్యాక వేషం మార్చి పచ్చగా అవుతుంది, ముట్టుకుంటే తల వెనుక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. జిల్లేడు మీద పెరిగేది నారింజరంగు సీతాకోకచిలుక. జిల్లేడు పాలలోని విషం ఒంట్లో దాచుకుంటుంది గనుక పిట్టలు దాని జోలికి పోవు. నలభై వేల కెమెరా అవసరం లేకుండా పాపతో తీయించగల మంచి వీడియో ఇదే. పురుగు గూడుగా మారిన చోట ఫోనును ఏదైనా స్టాండుకు బిగించండి. గూడు వారం, పదిరోజులు ఉంటుంది. రంగు మారి లోపలి రెక్కల గీతలు బయటికి కనబడిన రోజున ఫోనును చార్జరుకు తగిలించి, పది సెకన్లకు ఒక బొమ్మ చొప్పున తీసే టైమ్‌లాప్స్ పెట్టి పడుకోండి. ఎక్కువగా ఉదయంపూటే బయటికి వస్తుంది. రాత్రంతా ఒక చిన్న దీపం వెలుగుతూ ఉండాలి, లేకపోతే మిగిలేది చీకటి సినిమా.

ఇక పిట్టల వీడియో. ఫోనులో పిట్ట చుక్కలా పడుతోందంటే తప్పు ఫోనుది కాదు, దూరానిది. మీరు దగ్గరికి వెళ్తే ఎగిరిపోతుంది. కాని ఫోను ఒక్కటే దగ్గరికి వెళ్తే ఎగరదు. మూకుడుకు రెండడుగుల దూరంలో ఫోను పెట్టాలనుకున్న చోట ముందు మూడు నాలుగు రోజులు ఖాళీ అట్టపెట్టె ఒకటి ఉంచండి. మొదటిరోజు అనుమానంగా చూస్తాయి, మూడోరోజుకు దాని మీదే వాలతాయి. అప్పుడు పెట్టె తీసి ఫోను పెట్టండి. మూకుడు అంచున పిట్ట నిలబడే చోట ఒక ఆకు పెట్టి, తెర మీద ఆ ఆకును వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకసు, వెలుతురు అక్కడే నిలిచిపోతాయి. ఆకు తీసేసి, రికార్డింగు నొక్కి, లోపలికి వచ్చేయండి. విమానంలో పెట్టే మోడులో ఉంచడం మరిచిపోకండి. మా ఇంటికి ఒకే ఒక్కసారి వచ్చిన వడ్రంగిపిట్ట మూకుడు అంచు మీద ముక్కు ఆనించిన క్షణంలో మా బావగారు పెళ్ళి ముహూర్తం చెప్పడానికి ఫోను చేశారు. ఆ వీడియో చివర వినిపించేది వెంకటేశ్వర సుప్రభాతం.

వీడియో బాగుండడం, బాగుండకపోవడం పిట్ట కంటే దాని వెనుక ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. వెనుక తెల్లటి గోడ, ప్లాస్టిక్ డ్రమ్ము, ఆరేసిన తువాళ్ళు ఉంటే ఎంత ఖరీదైన కెమెరా అయినా అవే చూపిస్తుంది. మూకుడును ఒక అడుగు పక్కకు జరిపి, నాలుగైదు అడుగుల వెనుక నీడలో ఉన్న ఆకులు పడేలా చూడండి. ఉదయపు ఎండ కెమెరా వెనుక నుంచి రావాలి. ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు వెలుతురు మెత్తగా ఉంటుంది, పదకొండు దాటాక పసులపోలిగాడు బొగ్గుముక్కలా, కొంగ సున్నపుముద్దలా పడతాయి. స్నానాలకు మాత్రం సెకనుకు 120 ఫ్రేముల నిదానం మోడు పెట్టండి, నీటిబొట్లు ఒక్కొక్కటిగా లేవడం చూడవచ్చు. 240 ఫ్రేములకు మంచి ఎండ ఉండాలి. కిటికీలోంచి తీసేట్టయితే దోమల జాలీ లేని రెక్క ఒకటి ఏర్పాటు చేసుకోండి. జాలీలోంచి తీసినవన్నీ మంచు కురిసినట్టు ఉంటాయి. గాజులోంచి తప్పకపోతే గాజును తుడిచి, లెన్సును దానికి ఆనించి, చుట్టూ నల్లగుడ్డ కప్పండి.

కొంటాను అంటారా, నలభై వేలలో మొదటి ఖర్చు 8×42 బైనాక్యులర్స్. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు గనుక తెల్లవారుజామున కూడా వెలుతురుగా ఉంటుంది. పది రెట్లది కొంటే పాప చేతిలో బొమ్మ ఊగిపోతుంది. రెండో ఖర్చు వీడియోకు పనికొచ్చే ట్రైపాడ్, అంటే మూడుకాళ్ళ స్టాండు, పైన కెమెరా బిగించే తల నూనె వేసినట్టు తిరిగేది. మూడోది మాత్రమే కెమెరా. నికాన్ పి950 లాంటి 83 రెట్ల జూమ్ కెమెరా గురించి ఎవరో చెప్పారని రాశారు. కొత్తది మీ అంకె దాటుతుంది. అది అలా ఉంచండి, మీ పెరడు ఈ చివరి నుంచి ఆ చివరికి ముప్ఫై అడుగులు ఉంటుందేమో. అంత జూమ్ పూర్తిగా లాగితే పిట్ట మొత్తం తెరలో పట్టకపోవచ్చు. చెరువుగట్టు మీద నిలబడేవారికి అది కావాలి. మీకు నమ్మకమైన చోట వాడిన డీఎస్ఎల్ఆర్ (లెన్సు మార్చుకునే కెమెరా) ఒకటి, దానికి 55–250 గాని 70–300 గాని మిల్లీమీటర్ల లెన్సు సరిపోతుంది. ఎగిరే పిట్టల ఫోటోలకు షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గనీయకండి. వానాకాలం లెన్సుకు బూజు పట్టడం కోస్తాలో మామూలే, గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో దాచండి. నేను మొదటి లెన్సును బీరువాలో పట్టుచీరల మధ్య దాచాను, భద్రం కదా అని. ఆగస్టులో తీసి చూస్తే లోపల సాలెగూడులాంటి బూజు.

గూళ్ళ దగ్గర మాత్రం ఒక తప్పు ఒప్పుకోవాలి. రెండో ఏడు మా నిమ్మచెట్టులో, ఛాతీ ఎత్తున, పిగిలిపిట్ట గూడు పెట్టింది. మూడు పిల్లలు. కెమెరాకు అడ్డంగా ఒక రెమ్మ ఉంది. చిన్నదే, నాలుగు ఆకులు. కత్తిరించాను. ఆ సాయంత్రం తీసిన వీడియో ఇప్పటికీ నా దగ్గర ఉంది, తల్లి మూడు నోళ్ళలోనూ పురుగులు పెట్టడం స్పష్టంగా కనబడుతుంది. మరునాడు ఉదయం గూడు ఖాళీ. ఎదురింటి కరెంటు స్తంభం మీద రోజూ కూర్చునే కాకి నన్ను చూస్తూనే ఉంది, నేను పదేపదే ఎక్కడికి వెళ్తున్నానో, ఏ ఆకులు తీశానో. ఆ వీడియోను నేను ఎవరికీ చూపించను.

గూడు కనబడితే ఆకు కదపకండి, కొమ్మ వంచకండి, దగ్గరికి నడిచి దారి చేయకండి. ఆ దారిన పిల్లి వస్తుంది. దూరం నుంచి అయిదు నిమిషాలు తీసి ఆపండి. తల్లి నోట పురుగు పట్టుకుని పక్కకొమ్మ మీద నిలబడి గూటిలోకి వెళ్ళకుండా అరుస్తోందంటే మీరు మరీ దగ్గరగా ఉన్నారని అర్థం, వెంటనే వెనక్కి తగ్గండి. కూత రికార్డు వినిపించి పిట్టను రప్పించడం గూళ్ళ కాలంలో అసలు వద్దు, ఇంకొక మగపిట్ట వచ్చిందనుకుని తిండి మానేసి వెతుకుతుంది. వసారాలో కరెంటు తీగకో తోరణానికో వేలాడుతూ చెత్తముద్దలాంటిది కనబడితే చీపురు ఎత్తకండి, తేనెపిట్ట గూడు కావచ్చు. సాలెగూళ్ళు, బెరడు ముక్కలు కలిపి ఆడపిట్ట ఒక్కతే అల్లుతుంది, పక్కన చిన్న ద్వారం, దాని మీద వానపడకుండా చూరు కూడా ఉంటుంది. రెండు గుడ్లు. పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాల పైన. ఆ నెలరోజులు ఆ వైపు దీపం వేయకుండా ఉండగలిగితే చాలు. ఇంట్లో పనిచేసే ఆవిడకు కూడా ముందే చెప్పి ఉంచండి, మా ఇంట్లో ఒక గూడు అలాగే పోయింది.

ఎగరడం సరిగా రాని పిల్ల నేల మీద కనబడితే పాప ఇంట్లోకి తెస్తానంటుంది. వద్దని చెప్పండి. తల్లిదండ్రులు పక్కనే ఉండి మేపుతూనే ఉంటాయి. పిల్లి ఉంటే మాత్రం పిల్లను తీసి దగ్గరి కొమ్మ మీద పెట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. అలాగే పాప ముచ్చట చూసి ఎవరైనా రామచిలుకను పంజరంలో పెట్టి ఇస్తానంటే తీసుకోకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. మన రాష్ట్రపక్షి అది, 2018 నుంచి. అంతకుముందు ఉమ్మడి రాష్ట్రంలో పాలపిట్ట ఉండేది, ఇప్పుడది తెలంగాణకు ఉంది.

రాత్రి దొంగ దగ్గరికి వద్దాం. కెమెరా కంటే ముందు ఉదయాన్నే చెట్టు కింద వెతకండి. నమిలి ఉమ్మేసిన పిప్పి ముద్దలు ఎండి పడి ఉంటే గబ్బిలం. పండును నోటిలో నొక్కి రసం మింగి పిప్పి వదిలేయడం దాని పద్ధతి. పొట్టి ముక్కు గబ్బిలం కాయను కొరికి ఎత్తుకుపోయి ఇంకొక చెట్టు కింద తింటుంది, కాబట్టి మీ జామ తొక్కలు పక్కింటి నారమామిడి కింద కూడా దొరకవచ్చు. గోడ మీదో డాబా మీదో నిండా గింజలున్న రెట్ట కనబడితే మానుపిల్లి, కల్లు తాగే అలవాటు ఉన్న పిల్లి అని మా తాతగారు చెప్పేవారు. పక్కపక్కనే రెండు సన్నటి పంటిగాట్లు పడి కాయ లోపలికి తొలిచినట్టు ఉంటే ఎలుక. గబ్బిలం కొరికిన పండు మాత్రం ఎంత బాగున్నా తినకండి, పాపకు గట్టిగా చెప్పండి. 2018లో కేరళలో నిపా వచ్చినప్పటి నుంచి వైద్యులు చెబుతున్న జాగ్రత్తే ఇది. అలాగని చెట్టుకు వల కప్పకండి, అందులో గబ్బిలాలు, పాములు చిక్కుకుని చస్తాయి. మీకు కావలసిన పది కాయలకు గుడ్డసంచులు కట్టుకోండి, మిగిలినవి వాటికి వదిలేయండి.

అయినా చూడాలి అనుకుంటే ట్రెయిల్ కెమెరా అని దొరుకుతుంది, ముందు నుంచి వేడి ప్రాణి కదిలితే దానంతట అదే వీడియో తీస్తుంది. కంటికి కనిపించని వెలుగుతో పనిచేసే 940 నానోమీటర్ల రకం తీసుకోండి, 850ది ఎర్రగా మిణుకుమంటుంది. దీనితో మన ఎండల్లో ఒక తంటా ఉంది. అది గుర్తించేది ప్రాణి ఒంటి వేడికీ వెనుక ఉన్న గోడ వేడికీ మధ్య తేడాను. మే నెల మధ్యాహ్నం రెండూ ఒకటే అవుతాయి, ముంగిస దర్జాగా నడిచిపోయినా కెమెరా నిద్రపోతుంది. అందుకని వేసవిలో సున్నితత్వం పూర్తిగా పెంచండి. గాలికి ఊగే కొమ్మ ముందు లేకుండా చూడండి, లేకపోతే ఉదయానికి ఆరువందల ఆకుల వీడియోలు. ఇంకొకటి, ఇవి అడవిలో దూరంగా చూడడానికి చేసినవి, మూడు నాలుగు అడుగుల దగ్గర మసకబారతాయి. ప్లస్ ఒకటి పవరు చదువుకునే అద్దాన్ని లెన్సు ముందు మాత్రమే అతికిస్తే మీటరు దూరంలో స్పష్టంగా పడుతుంది, రెండు పవరైతే అరమీటరు. కెమెరాలోనే ఉన్న ఆ కనిపించని వెలుగు దీపాలకు అద్దం అడ్డం రానీయకండి, వెలుగు వెనక్కి కొట్టి బొమ్మంతా తెల్లబోతుంది. పక్కింటి గుమ్మం, స్నానాలగది వైపు కెమెరా తిప్పకండి, చెప్పనక్కరలేదు. కోతులు తిరిగే వీధి అయితే తెల్లవారగానే విప్పి లోపల పెట్టండి. మా కెమెరా చివరిగా తీసిన దృశ్యం ఒక కోతి గొంతు లోపలి భాగం.

ఆకులు, పొదలు పెంచితే జెర్రిపోతు రావచ్చు, అది విషం లేనిది, ఎలుకలు తింటుంది. కాని కట్లపాము రాత్రే తిరుగుతుంది గనుక చీకటిపడ్డాక కెమెరా చూడటానికి వెళ్ళేటప్పుడు టార్చి, చెప్పులు తప్పనిసరి. పాపను రాత్రి పంపకండి.

ఇవన్నీ చెప్పాను గాని, మీ దొంగ అసలు రాత్రి వస్తున్నాడా అని నాకు అనుమానం. రాత్రి అని మీరు అనుకుంటున్నది ఉదయం ఏడింటికి చూస్తున్నారు గనుక. సగం కొరికి, మిగతాది పారేసి, ఇంకొకటి అందుకోవడం రామచిలుకల పని, అవి వెలుగురేఖ రాగానే వచ్చి పని ముగించుకుని వెళ్ళిపోతాయి. ఈ సాయంత్రం చీకటిపడే ముందు పాపతో కింది కొమ్మల కాయలు లెక్కపెట్టించి పుస్తకంలో రాయించండి. రేపు అయిదింటికి టార్చితో మళ్ళీ ఒకసారి లెక్కపెట్టండి. లెక్క సరిపోతే దీపం వేయకుండా వంటింటి కిటికీ దగ్గర కూర్చోండి, ఆరింటిదాకా లేవకండి.